సీటు వస్తుందా? యూఏఈ తెలుగు పిల్లల అడ్మిషన్ లెక్క

దుబాయ్ కరామాలోనో, షార్జా అల్ నహ్దాలోనో, అబుదాబి ముసఫ్ఫాలోనో నాలుగు తెలుగు కుటుంబాలు ఒకచోట చేరితే, పన్నెండో తరగతి పిల్లలున్న ఇంటివాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: "ఎక్కడ ట్రై చేస్తున్నారండీ? వస్తుందంటారా?" జవాబుగా తల్లిదండ్రులు అంకెలు చెబుతారు. సీబీఎస్ఈలో 96 శాతం, శాట్‌లో 1510, జేఈఈ మెయిన్‌లో 97 పర్సంటైల్. విన్నవాళ్లలో ఒకరు "ఇంకేం, వచ్చేస్తుంది" అంటారు. మరొకరు "ఈ కాంపిటీషన్‌లో కష్టమేనండీ" అంటారు. ఏ కోటాలో, ఏ కాగితాలతో, ఎవరి డబ్బుతో అన్నది మాత్రం ఎవరూ అడగరు.

యూఏఈలో పెరిగే తెలుగు పిల్లల విషయంలో అవకాశాన్ని ఎక్కువగా పైకీ కిందికీ కదిపేవి పన్నెండో తరగతి మార్కులు కావన్నది నా అభిప్రాయం. పిల్లలు ఎనిమిదో తరగతి దాటేలోపు, ఎక్కడ చదివించాలన్న దానిపై ఇంట్లో తీసుకునే నిర్ణయాలదే పెద్ద పాత్ర. కొన్నిసార్లు తీసుకోకుండా వదిలేసిన నిర్ణయాలది కూడా. మార్కులు, ర్యాంకులు వాటి తర్వాతే లెక్కకు వస్తాయి.

ముందుగా అందరికీ తెలిసిన ఐఐటీనే చూద్దాం. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షల పైచిలుకు. అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసినవాళ్లు సుమారు 1,80,200. అర్హత సాధించినవాళ్లు 48,248. ఆ ఏడాది ఐఐటీల్లో ఉన్న సీట్లు 17,740. ఈ సీట్లను మెయిన్ రాసినవాళ్లతో పోలిస్తే అవకాశం నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ. అడ్వాన్స్‌డ్ రాసినవాళ్లతో పోలిస్తే పదింట ఒకటి. అర్హత పొందినవాళ్లతో పోలిస్తే మూడింట ఒకటికి పైనే. సీట్లు అవే, సంవత్సరం అదే, కింద పెట్టిన సంఖ్య మారగానే అవకాశం ముప్పై రెట్లు మారింది. ఎవరైనా ఒక శాతం చెబితే అది ఎవరిలో శాతమో అడగాలి. కోచింగ్ సంస్థల ప్రకటనలకూ, ప్రపంచ ప్రసిద్ధ విశ్వవిద్యాలయాల బ్రోషర్లకూ ఈ ప్రశ్న సమానంగా వర్తిస్తుంది.

పరీక్ష ర్యాంకుతో నడిచే వ్యవస్థలో ఒక సుఖం ఉంది. నిరుటి క్లోజింగ్ ర్యాంకులు బహిరంగంగా ఉంటాయి. మాక్ టెస్టుల్లో పిల్లవాడి స్థాయి తెలుస్తూనే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఏ కాలేజీ అందుతుందో, ఏది అందదో తొంభై పాళ్లు ముందే చెప్పవచ్చు. భారత పౌరసత్వం ఉన్న పిల్లలకు ఐఐటీ దారి యూఏఈ నుంచైనా, విజయవాడ నుంచైనా ఒకటే: మెయిన్ రాయాలి, అందులో నెగ్గి అడ్వాన్స్‌డ్‌కు వెళ్లాలి. తేడా సిద్ధమయ్యే తీరులో ఉంది. హైదరాబాద్, విజయవాడ కార్పొరేట్ జూనియర్ కాలేజీలో పిల్లలు పొద్దుటి నుంచి రాత్రి దాకా అదే పనిలో ఉంటారు. దుబాయ్ పిల్లవాడు మధ్యాహ్నం స్కూలు బస్సు దిగి, సాయంత్రం కోచింగ్‌కు వెళ్లి, మిగిలింది శని ఆదివారాల్లో పూరించుకోవాలి. అందుకే ఐఐటీ అనుకున్న ఇళ్లలో చాలామంది పదో తరగతి అయ్యాక పిల్లవాణ్ని ఇండియా హాస్టల్లో వేస్తారు. లేదంటే తల్లి వాడితో పాటు వెనక్కి వెళ్లిపోతుంది, తండ్రి ఇక్కడ షేరింగ్ గదికి మారతాడు. ఈ నిర్ణయం వల్ల చదువు ఎంత పెరుగుతుందో చెప్పేవాళ్లు ఉన్నారు కానీ, దానివల్ల ఏ హక్కులు పోతాయో చెప్పేవాళ్లు తక్కువ.

పోయేవి చిన్నవి కావు. విదేశాల్లో చదివిన పిల్లల కోసం ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీల వంటి సంస్థల్లో దాసా అనే పథకం 2001-02 నుంచి నడుస్తోంది. మామూలు సీట్లకు అదనంగా 15 శాతం దాకా ఇందులో ఉంటాయి. వాటిలో మూడోవంతు గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు. అదే సీఐడబ్ల్యూజీ కోటా. దాసా సాధారణ కోటాలో ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కు 4,000 డాలర్లు. సీఐడబ్ల్యూజీలో చేరినవాళ్లకు ఇండియాలో చదివిన పిల్లల ఫీజే. ఒకప్పుడు శాట్ సబ్జెక్ట్ టెస్టుల మార్కులతో ఈ సీట్లిచ్చేవారు. ఆ పరీక్షలను కాలేజ్ బోర్డ్ 2021లో ఆపేసింది. ఆ ఏడాది ప్రవేశాల నుంచే దాసా కూడా జేఈఈ మెయిన్ ర్యాంకుకు మారింది. ఈ కోటా క్లోజింగ్ ర్యాంకులు మామూలు కౌన్సెలింగ్ ర్యాంకుల కంటే చాలా దూరం వెళతాయి. వరంగల్ ఎన్ఐటీలో ఒక బ్రాంచికి మామూలు దారిలో దరిదాపుల్లో లేని పిల్లవాడికి ఇక్కడ సీటు దొరకవచ్చు. అయితే పదకొండు, పన్నెండు తరగతులు విదేశంలో చదివి అక్కడే పూర్తిచేసి ఉండాలి. పదో తరగతి తర్వాత హాస్టల్‌కు పంపిన రోజునే ఆ తలుపు మూసుకుపోతుంది.

ఇక సొంత రాష్ట్రం సంగతి. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కన్వీనర్ సీట్లలో 85 శాతం లోకల్ అభ్యర్థులవి. లోకల్ కావడానికి ప్రధానమైన దారి, ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా, ఆ ప్రాంతంలోనే చదవడం. పుట్టింది కరీంనగర్‌లో అయినా, తాత ముత్తాతల భూములు అక్కడే ఉన్నా, చదువు షార్జాలో సాగితే లోకల్ కాదు. మిగిలిన 15 శాతంలో పోటీ పడటానికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరు బయట ఉద్యోగం చేసిన కాలాన్ని మినహాయించి మొత్తం పదేళ్లు రాష్ట్రంలో నివసించి ఉంటే చాలు. గల్ఫ్ కుటుంబాల్లో ఎక్కువమందికి ఇది వర్తిస్తుంది. దానికి కావలసిన నివాస ధ్రువపత్రం కోసం కౌన్సెలింగ్ వారంలో తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడం కన్నా, వేసవి సెలవుల్లో ఊరెళ్లినప్పుడే తెచ్చిపెట్టుకోవడం మేలు.

ఇప్పుడు మూడు దారులూ కలిపి చూడండి. ఎనిమిదో తరగతి కాగానే వెనక్కి వెళ్లిన పిల్లవాడు లోకల్ అవుతాడు, గల్ఫ్ కోటా పోతుంది. పన్నెండు దాకా ఇక్కడే ఉన్నవాడికి గల్ఫ్ కోటా దక్కుతుంది, 85 శాతం పోతుంది. పదో తరగతి తర్వాత వెళ్లినవాడికి రెండూ పోతాయి. ఐఐటీ అనుకున్న ఇళ్లలో చాలామంది ఎంచుకుంటున్నది ఈ మూడోదే! కోచింగ్ బలంతో ఐఐటీ కొడితే బెంగ లేదు, అక్కడ ఈ లెక్కలేవీ లేవు. కొట్టలేకపోతే వెనక ఆసరా ఏమిటన్న ప్రశ్న మాత్రం విమానం ఎక్కించేముందే వేసుకోవాలి.

చాలామందికి తెలియని మంచి మాట ఒకటుంది. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారివి. పన్నెండో తరగతి ఎక్కడ పాసైతే అదే సొంత రాష్ట్రం అన్నది సాధారణ నియమం. విదేశంలో పాసైన భారతీయ పిల్లలకు మాత్రం పాస్‌పోర్టులో ఉన్న శాశ్వత చిరునామాను బట్టి రాష్ట్రం నిర్ణయిస్తారు. అంటే దుబాయ్‌లో చదివిన నిజామాబాద్ కుర్రాడు ఈఏపీసెట్ (పాత ఎంసెట్)లో నాన్-లోకల్ అయినా, ఎన్ఐటీ కౌన్సెలింగ్‌లో తెలంగాణ వాడే. పాస్‌పోర్టు రెన్యువల్‌లో పాత బొంబాయి అద్దె ఇంటి చిరునామా అలాగే ఉండిపోతే వాడు మహారాష్ట్ర వాడవుతాడు. పాస్‌పోర్టులో ఆ ఒక్క పంక్తి ముందే చూసుకుంటే చాలు.

వైద్య విద్యలో ఈ లోకల్ గొడవ ఇంకా తీవ్రం. రాష్ట్ర విభజన తర్వాత పదేళ్లు సాగిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌లో ముగిసింది. మరుసటి నెలలో తెలంగాణ ప్రభుత్వం 33వ నంబరు జీవో ఇచ్చి నాలుగేళ్ల చదువు నిబంధనను బిగించింది. శాశ్వత నివాసులను కాదనకూడదని హైకోర్టు ఆ సెప్టెంబరులో అన్నది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ప్రభుత్వ నిబంధననే సమర్థించింది. రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు, అఖిల భారత సర్వీసుల అధికారులు, సైనికుల వంటివారి పిల్లలకు, వాళ్లు ఉద్యోగరీత్యా బయట చదివితే, మినహాయింపు ఉంది. గల్ఫ్‌లో ప్రైవేటు ఉద్యోగం చేసేవాడి బిడ్డకు లేదు. ఇది నాకు బాధ కలిగించే తేడా. బదిలీ అయిన అధికారి ఎంత నిస్సహాయంగా ఊరు విడుస్తాడో, ఉపాధి కోసం విమానమెక్కినవాడూ అంతే నిస్సహాయంగా విడుస్తాడు.

మిగిలే దారుల్లో ఒకటి ప్రైవేటు కాలేజీల ఎన్ఆర్ఐ కోటా. 2005 నాటి ఇనాందార్ తీర్పు దాన్ని 15 శాతానికి పరిమితం చేసింది. మేనమామలు, పినతండ్రులు విదేశాల్లో ఉన్నా చాలని పంజాబ్ ప్రభుత్వం చేసిన ప్రయత్నాన్ని సుప్రీంకోర్టు 2024లో కొట్టేసింది. ఈ కోటాలో అవకాశమన్నది నీట్ మార్కుల కంటే తండ్రి పొదుపును బట్టే ఉంటుంది. పరీక్ష రాయడానికి మాత్రం దూరం తగ్గింది: 2021లో కువైట్, దుబాయ్‌లలో నీట్ కేంద్రాలు తొలిసారి పెట్టారు. 2024లో మొదట విదేశీ కేంద్రాలు లేవని ప్రకటించి, తల్లిదండ్రుల ఆందోళన తర్వాత 14 నగరాల్లో తిరిగి ఇచ్చారు.

ఇక్కడే ఉండి చదివే దారులు ఈమధ్య పెరిగాయి. బిట్స్ పిలానీ దుబాయ్ క్యాంపస్ 2000 నుంచీ ఉంది. అక్కడ బిట్‌శాట్ లేదు, పన్నెండో తరగతి మార్కులతోనే సీటిస్తారు. పిలానీ ఎంపికతో దాన్ని పోల్చడం సరికాదు. ఐఐటీ ఢిల్లీ అబుదాబి 2024లో కంప్యూటర్ సైన్స్, ఎనర్జీ ఇంజినీరింగ్ బీటెక్‌లు మొదలుపెట్టింది. అడ్వాన్స్‌డ్ ద్వారా కొన్ని సీట్లు, సీఏఈటీ అనే విడి పరీక్ష ద్వారా కొన్ని ఇస్తారు. ఎవరు ఏ పరీక్షకు అర్హులో ఆ ఏటి ప్రకటన చూసే తేల్చుకోవాలి.

ఈ దేశంలో అన్నిటికన్నా కఠినమైన ఎంపిక న్యూయార్క్ యూనివర్సిటీ అబుదాబిది. 2010లో మొదటి బ్యాచ్‌కు తొమ్మిది వేల పైచిలుకు దరఖాస్తులొస్తే 189 మందికి అడ్మిషన్ ఇచ్చారు, సుమారు 150 మంది చేరారు. ఇప్పటికీ నూటికి మూడు నాలుగుకు మించి తీసుకోరు. సాదియాత్ దీవిలోని ఆ క్యాంపస్ మనకు దగ్గరలోనే ఉన్నా, పోటీ మాత్రం ప్రపంచం నలుమూలల పిల్లలతో. వడపోతలో మిగిలినవాళ్లను క్యాండిడేట్ వీకెండ్ పేరుతో పిలిచి, తరగతుల్లో కూర్చోబెట్టి, మాట్లాడి చూస్తారు. అవసరాన్ని బట్టి ఇచ్చే ఆర్థిక సాయం మాత్రం ఉదారం. ఇంటి ఆదాయం తక్కువని భయపడి చాలామంది తెలుగు పిల్లలు దరఖాస్తే పెట్టరు. ఆ భయం వదలాలి.

బ్రిటన్ వ్యవస్థ మన పరీక్షల పద్ధతికీ అమెరికా పద్ధతికీ నడుమ ఉంటుంది. ఐదు కోర్సులకు దరఖాస్తు చేయవచ్చు, అందులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఒక్కటే. ఆ రెండింటికీ, వైద్య కోర్సులకూ గడువు అక్టోబర్ 15. ఆ నాటికి బోర్డు మార్కులుండవు కనుక స్కూలు ఇచ్చే ప్రిడిక్టెడ్ గ్రేడ్లే ఆధారం. సీబీఎస్ఈ పిల్లల నుంచి ఆక్స్‌ఫర్డ్ కోరేది మూడు ఏ1లు, రెండు ఏ2లు, కోర్సుకు సంబంధించిన సబ్జెక్టుల్లో ఏ1. ఇక్కడొక చిక్కు ఉంది. ఏ1 అంటే ఇన్ని మార్కులని స్థిరంగా ఉండదు. ఆ సబ్జెక్టులో పాసైనవాళ్లలో పై ఎనిమిదో వంతుకు వచ్చేది ఏ1. ఒక ఏడాది చాలిన మార్కు మరుసటి ఏడాది చాలకపోవచ్చు. ఈ దారిలో ప్రవేశ పరీక్షా, ఇంటర్వ్యూలో సబ్జెక్టు మీద ఆలోచించే తీరూ నిర్ణయిస్తాయి. క్రికెట్ కప్పులు, డ్యాన్స్ అరంగేట్రాలు ఇక్కడ దాదాపు లెక్కలోకి రావు. ఇంగ్లండ్ వైద్య కళాశాలల్లో విదేశీ విద్యార్థులకు దాదాపు 7.5 శాతం సీట్లే ఉన్నాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అమెరికా దగ్గరే మన లెక్కలన్నీ తప్పుతాయి. 2024లో హార్వర్డ్‌కు 54,008 మంది దరఖాస్తు చేస్తే 1,937 మందికి అడ్మిషన్ వచ్చింది, 3.6 శాతం. ఎంఐటీకి 28,232 మంది, అడ్మిషన్ 1,275 మందికి, నాలుగున్నర శాతం. విదేశీ విద్యార్థులను విడిగా చూస్తే ఎంఐటీలో అది రెండు శాతం దగ్గరికి పడిపోతుంది. మన పిల్లల లెక్క మొదలవ్వాల్సింది ఆ రెండు నుంచే. పైగా ఆ మొత్తం శాతంలో కూడా అందరి అవకాశమూ సమానం కాదు. హార్వర్డ్‌పై నడిచిన కేసులో బయటపడిన వివరాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు, అడ్మిషన్ పొందిన తెల్లజాతి విద్యార్థుల్లో 43 శాతం మంది క్రీడాకారులుగా ఎంపికైనవారో, పూర్వ విద్యార్థుల పిల్లలో, డీన్ ప్రత్యేక జాబితాలోనివారో, అధ్యాపకుల పిల్లలో అని తేల్చారు. ఆ కేసులోనే 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు జాతిని బట్టి ఎంపికలో ప్రాధాన్యం ఇవ్వడాన్ని ఆపేసింది. కేవలం జాతిని పక్కనపెడితే ఆసియా పిల్లలకు సీట్లు గలగలా రాలతాయనుకోవడం తొందరపాటు. ఎందుకంటే డబ్బుకున్న బలం అలాగే ఉంది. రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023లో చూపించిందేమిటంటే, ఒకే శాట్ మార్కులున్న పిల్లల్లో మధ్యతరగతి పిల్లలకంటే అత్యంత సంపన్న ఒక శాతం ఇళ్ల పిల్లలకు అక్కడి మేటి కాలేజీల్లో చేరే అవకాశం రెట్టింపుకు పైన.

డబ్బు సంగతి గల్ఫ్ తెలుగువాళ్లకు ఇంకో రకంగా తగులుతుంది. ఏడాది ఖర్చు సుమారు 90,000 డాలర్లు, అంటే దాదాపు 3,30,000 దిర్హాములు. సాయం అడిగిన విదేశీ విద్యార్థిని ఆ కారణంతో వెనక్కి నెట్టని కాలేజీలు కొన్నే: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, ఆమ్‌హర్స్ట్, బోడిన్, ఈమధ్యే చేరిన బ్రౌన్, నోటర్‌డామ్ వంటివి. స్టాన్‌ఫర్డ్ సహా మిగిలిన వాటిలో ఎక్కువ చోట్ల సాయం అడగడమే అవకాశాన్ని తగ్గిస్తుంది. కాబట్టి ఒకే మార్కులున్న ఇద్దరు దుబాయ్ పిల్లల్లో ఫీజు మొత్తం కట్టగలిగినవాడి అవకాశం వేరు, సాయం కావాల్సినవాడిది వేరు. ఈ మాట పిల్లల ముందు చెప్పడానికి పెద్దలు మొహమాటపడతారు. దాచడం వల్ల నష్టపోయేది పిల్లలే.

ఇంకో పొరపాటు లెక్క: "ఒక్కోదాంట్లో నాలుగు శాతం, పదింటికి పెడితే ఎక్కడో ఒకచోట రాకపోతుందా?" కాగితం మీద గుణిస్తే పదింటిలో కనీసం ఒకటి వచ్చే సంభావ్యత మూడింట ఒకటి అని వస్తుంది. కానీ ఆ గుణకారం ఒక కాలేజీ నిర్ణయానికి మరో కాలేజీతో సంబంధం లేనప్పుడే చెల్లుతుంది. పది కాలేజీలూ చదివేది ఒకే ఎసే, ఒకే టీచర్ సిఫారసు లేఖ, ఒకే మార్కుల జాబితా. ఒకచోట ఆనని ఫైలు తొమ్మిది చోట్ల కూడా ఆనకపోవడమే ఎక్కువ. అందుకే ఒకే పిల్లకు నాలుగైదు పెద్ద కాలేజీల నుంచి ఒకేసారి అడ్మిషన్లు రావడం, పక్కింటి పిల్లకు పదిహేనూ కాదనడం ఏటా చూస్తున్నాం.

మరి ఇక్కడ ముందే తెలుసుకోగలిగినది ఏమైనా ఉందా? కొంత ఉంది. చాలా కాలేజీలు ఏటా విడుదల చేసే కామన్ డేటా సెట్‌లో మార్కులు, ఎసే, ఇంటర్వ్యూ, పూర్వ విద్యార్థుల బంధుత్వం వంటి వాటికి ఎంత విలువిస్తారో రాసి ఉంటుంది. చేరినవాళ్ల శాట్ మార్కుల మధ్య సగం ఎక్కడ ఉందో ఉంటుంది. మీవి ఆ సగానికి కింద ఉంటే, వేరే అసాధారణ విషయం లేనప్పుడు, ఆశ పెట్టుకోవద్దు. అందులోనే ఉంటే ఫైలు పక్కకు నెట్టేయరు, అంతవరకే. అక్కడి నుంచి ముందుకు ఎవరిని ఎంచుతారో ఎంచే కమిటీకే ముందు తెలియదు. ఇంత స్పష్టంగా ఉన్న విషయాన్ని పక్కనపెట్టి "మీ అమ్మాయికి కొలంబియాలో 38 శాతం చాన్స్" అని ప్రింటవుట్ చేతికిచ్చే కన్సల్టెంట్లు ఉన్నారు. ఆ 38 ఎక్కడి నుంచి వచ్చిందో అడిగితే సరైన జవాబు రాదు. దానికి వేల దిర్హాములు కట్టే బదులు, స్కూలు కౌన్సెలర్‌ను గత ఐదేళ్లలో ఈ స్కూలు నుంచి ఎవరెవరు ఎక్కడికి దరఖాస్తు చేశారు, ఏ మార్కులతో, ఫలితమేమిటి అని పేర్లు లేకుండా చూపించమని అడగడం మేలు. ఫలితాల బోర్డు మీద వచ్చిన సీట్లే ఉంటాయి. రానివి కూడా తెలిస్తేనే అది లెక్క అవుతుంది.

స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన పరిశోధనను ఈ సందర్భంలో ప్రతి ఇంటా తెలుసుకోవాలి. ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు చేసి, అవే అడ్మిషన్లు పొందిన విద్యార్థుల్లో మరింత కఠినమైన దానిలో చేరినవాళ్లకూ, చేరనివాళ్లకూ తర్వాతి సంపాదనలో పెద్ద తేడా కనిపించలేదు. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పెద్ద కాలేజీ మేలు చేసింది. అంటే ఆ సీటు అందరికన్నా ఎక్కువ అవసరమైనవాళ్లు, దాని గురించి ఎక్కువ మాట్లాడుకుంటున్న ఇళ్లలో లేరు.

ఉన్నది ఎక్కడ? జెబెల్ అలీ, సోనాపూర్ క్యాంపుల్లో ఉండే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల మనుషుల ఇళ్లలో. ఈ దేశంలో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు కనీసం 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. అది లేనివాడి బిడ్డ ఊళ్లోనే చదువుతుంది. గల్ఫ్ కార్మికుల పిల్లల పేరుతో ఉన్న ఎన్ఐటీ కోటా ఆ బిడ్డకు వర్తించదు, ఎందుకంటే ఆ బిడ్డ గల్ఫ్‌లో చదవలేదు. ఆ కోటా దక్కేది ఇంజినీర్ల, అకౌంటెంట్ల, మేనేజర్ల పిల్లలకు. వాళ్లకు దక్కకూడదని అనడం లేదు. పేరు ఎవరిదో వాళ్లకు కూడా దక్కాలంటున్నాను. తండ్రి ఎమిరేట్స్ ఐడీ, లేబర్ కాంట్రాక్టు ఆధారంగా, బిడ్డ ఎక్కడ చదివినా ఆ సీట్లలో కొంత భాగం కేటాయించడం కేంద్ర విద్యాశాఖకు పెద్ద పని కాదు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం, వారి పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం ప్రకటించిన తెలంగాణ ప్రభుత్వం ఈ కోరికను ఢిల్లీకి తీసుకెళ్లాలి. ఇక్కడి తెలుగు సంఘాలు ఏటా ఉగాదికి మంత్రులను పిలుస్తాయి. ఈసారి వేదిక మీద ఇచ్చే వినతిపత్రంలో మొదటి పేరాగా ఇది ఉండాలి. దానితో పాటు క్యాంపుల్లో సెలవు రోజున ఒక బల్ల వేసి, ఊళ్లో చదివే బిడ్డకు లోకల్ హోదా ఉందని, ఎన్ఐటీలో సొంత రాష్ట్రం సీటు ఉందని, దానికి ఏ సర్టిఫికెట్లు కావాలో రాసిచ్చే పని వచ్చే వారం నుంచే మొదలుపెట్టవచ్చు.